అధిక రక్తస్రావానికి అశోక కషాయం: తాగే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 41, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోంది, మొదటి మూడు రోజులు గడ్డలు గడ్డలుగా పోతోంది. స్కానింగ్‌లో గర్భసంచి గోడలో 3 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) కనిపించింది. హిమోగ్లోబిన్ 8.9. చూపించుకున్న నర్సింగ్ హోమ్‌లో "పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేస్తే పీడా పోతుంది" అన్నారు. మీ అత్తగారేమో ఆపరేషన్ వద్దు, అశోక బెరడు కషాయం తాగు, మా రోజుల్లో అందరం అదే తాగాం అంటున్నారు. మీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన అశోక చెట్లు వరసగా ఉన్నాయి, ఆ బెరడు కొట్టుకుని వాడొచ్చా అని అడిగారు.

నేను ఆయుర్వేద వైద్యురాలిని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇదే బాధతో వస్తారు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ చివరి ప్రశ్న. ఆ చెట్టు బెరడు వాడకండి, అది అశోకం కాదు. గేట్ల పక్కన, బడి కాంపౌండుల్లో నిటారుగా, సన్నగా పెరిగే ఆ చెట్టు నరమామిడి. దాని ఆకు పొడుగ్గా, అంచులు అలలు అలలుగా ఉంటుంది, ఒక్కో ఆకు విడిగా వస్తుంది, పూలు ఆకుపచ్చగా కంటికి ఆనకుండా ఉంటాయి. మందుకు వాడే అసలు అశోకం గుబురుగా పెరుగుతుంది. ఒక్కో రెమ్మకు నాలుగైదు జతల ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, లేత చిగురు రాగి రంగులో కిందికి వేలాడుతుంది. చలి తగ్గే రోజుల్లో నారింజ రంగు పూలగుత్తులు కొమ్మలకూ మానుకూ అంటుకుని పూస్తాయి, రెండు మూడు రోజులకు ఎర్రబడతాయి. ఒకసారి చూస్తే మళ్ళీ పొరపాటు పడరు.

చిక్కేమిటంటే, బెరడు ఎండి ముక్కలయ్యాక రెంటినీ తేడా పట్టడం మామూలు కంటికి సాధ్యం కాదు. అసలు అశోకం అడవుల్లో బాగా తగ్గిపోయింది, ముప్పు పొంచి ఉన్న చెట్ల జాబితాలో చేరింది. బెరడు ఒలిస్తే చెట్టు బతకదు కాబట్టి దొరకడం ఇంకా కష్టమైంది. దాంతో మూలికల కొట్లలో అశోక బెరడు పేరుతో నరమామిడి బెరడు అమ్మడం చాలాకాలంగా నడుస్తోంది, పరీక్షలు చేసినవాళ్ళు పదే పదే బయటపెట్టిన సంగతే ఇది. మీ అత్తగారి రోజుల్లో ఊళ్ళో వైద్యుడు తనకు తెలిసిన చెట్టు నుంచి తెచ్చి ఇచ్చేవాడు. ఆవిడ మాట తప్పని నేననను. ఇప్పుడు పొట్లంలో వస్తున్నది ఆ బెరడేనా అన్నదే నా అనుమానం. కొనాలనుకుంటే లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్న పేరున్న కంపెనీ మందే కొనండి.

ఇక అసలు విషయం. కషాయమా ఆపరేషనా అని మీ ఇంట్లో వాదన నడుస్తోంది కదా, ఆ రెంటికీ ముందు చూడాల్సింది మీ 8.9. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. మీ ఒంట్లో అది నాలుగోవంతు దాకా తరిగిపోయి ఉంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, చిన్న మాటకే చిరాకు, మధ్యాహ్నానికి నిలబడలేకపోవడం ఉంటే వయసు మీద పడటం వల్ల కాదవి, ఐరన్ లేక వచ్చేవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇంట్లో అందరికీ ఉండేదే కదా అని మనం పట్టించుకోం.

లెక్క చూడండి. మామూలు నెలసరిలో 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. 100 మిల్లీలీటర్లు పోతే దాంతో పాటు 40–50 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. మనం తినే తిండిలోంచి ఒంటికి పట్టేదేమో రోజుకు 1–2 మిల్లీగ్రాములు. అది రోజువారీ ఖర్చుకే సరి. నెల నెలా అంత పోతుంటే దానిమ్మ రసం, బీట్‌రూట్, ఖర్జూరం, బెల్లం ఎంత తిన్నా పూడదు. మీకు ఐరన్ మాత్ర కావాలి, అదీ నెలల తరబడి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో తిప్పితే మానేయకండి, రాత్రి పడుకునే ముందు వేసుకోండి, లేదా డాక్టరునడిగి రోజు విడిచి రోజు వేసుకోండి. అలా వేసుకున్నా బాగానే ఒంటపడుతుందని ఈమధ్య పరిశోధనల్లో తేలింది. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి అడగండి. పన్నెండుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు మాత్ర ఆపకూడదు.

ఇక్కడ మా వైద్యంలోని సంగతి ఒకటి చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. రక్తస్రావం తగ్గించడానికి మనం వాడే మూలికలు దాదాపు అన్నీ వగరువి. అశోక బెరడు, లొద్దుగ బెరడు, మేడి బెరడు, దానిమ్మ తొక్క, నేరేడు గింజ, అన్నీ అంతే. ఆ వగరు టానిన్లది, టీలో ఉండేదీ అదే. ఆ టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుని ఒంటికి చేరనివ్వవు. అంటే కషాయం తాగిన వెంటనే ఐరన్ మాత్ర వేసుకుంటే, మాత్ర చాలావరకు వృథా. అన్నం తినగానే కషాయం తాగితే అన్నంలోని ఐరన్ కూడా వృథా. రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి. టిఫిన్ అవగానే కాఫీ, టీ తాగే అలవాటుంటే దాన్నీ గంట వెనక్కి జరపండి. మాత్రను నిమ్మరసంతోనో ఉసిరికాయ ముక్కతోనో వేసుకుంటే మేలు.

ఇంకో పని ఈ నెల నుంచే మొదలుపెట్టండి. ఎంత పోతోందో రాసుకోండి. "చాలా ఎక్కువ" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. మేం వాడే పద్ధతి సులువైనదే: ప్యాడ్ మార్చేటప్పుడు కొంచెం తడిస్తే 1 మార్కు, సగం వరకూ తడిస్తే 5, పూర్తిగా నానిపోతే 20. చిన్న గడ్డ పోతే 1, పెద్ద గడ్డకు 5. క్యాలెండర్‌లో తేదీ పక్కనే గీతలు పెట్టుకుని నెలసరి అయ్యాక కూడండి. 100 దాటితే అధిక రక్తస్రావమని అర్థం. ఒకే రకం ప్యాడ్లు వాడితే లెక్క కుదురుతుంది. నేనైతే ఈ కాగితం లేకుండా ఏ మందూ మొదలుపెట్టను, ఎందుకంటే మూడు నెలల తర్వాత మందు పనిచేసిందా లేదా అన్నది తేల్చేది ఆ కాగితమే. "కొంచెం తగ్గినట్టే ఉంది డాక్టరు గారూ" అన్నవాళ్ళ మార్కులు కూడితే ఒక్కోసారి ఏమీ తగ్గి ఉండవు.

మూలికల సంగతికి వస్తాను. మా గ్రంథాల్లో ఈ జబ్బు పేరు అసృగ్దరం, రక్తప్రదరం అని కూడా అంటారు. దీనికి మొదట గుర్తొచ్చేది అశోకమే. పాలతో కాచడం పాత పద్ధతి: బెరడు ముతక పొడి ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్ళు ముప్పై రెండు వంతులు. అంటే పది గ్రాముల పొడికి 80 మిల్లీలీటర్ల పాలు, 320 మిల్లీలీటర్ల నీళ్ళు. సన్నని సెగ మీద నీళ్ళన్నీ ఇగిరి పాల కొలత మిగిలేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా తాగాలి. గబగబా పెద్ద మంట పెడితే పాలు అడుగంటుతాయి, బెరడు సారం దిగదు. ఎక్కువమంది వాడేది సీసాలో దొరికే అశోకారిష్టం. 15 నుంచి 20 మిల్లీలీటర్లు, అంతే నీళ్ళు కలిపి, భోజనం తర్వాత రెండుపూటలా అని రాస్తాం. ఇదీ వగరు మందే, భోజనంలోని ఐరన్ కొంత పోయినా మాత్ర వృథా కాకూడదు కాబట్టి ఐరన్ వేసుకునేవాళ్ళు మాత్రను రెండు గంటల ఎడంతో పడుకునే ముందుకు మార్చుకోవాలి. అరిష్టం అంటే బెల్లంతో పులియబెట్టిన మందు, 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ అందులో సహజంగానే పుడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు అడగకుండా తాగకూడదు.

తర్వాతది పుష్యానుగ చూర్ణం. తేనెతో రంగరించి బియ్యం కడుగు నీళ్ళతో తీసుకుంటారు. ఇందులో అతిమధురం ఉంటుంది, అది ఎక్కువ రోజులు పడితే బీపీ పెరగొచ్చు. బీపీ మాత్రలు వాడేవాళ్ళు వైద్యుడికి ముందే చెప్పాలి. లొద్దుగ, నాగకేసరాలు, అడ్డసరం, గరిక రసం, ఇవన్నీ రక్తం ఆపడానికి మనవాళ్ళు తరతరాలుగా వాడుతున్నవే. అరటిపువ్వు ఉడికించి పెరుగుతో తినడం, మందార పువ్వులు నూరి పాలలో తాగడం ఇంటి వైద్యాలు. అరటిపువ్వు కూర ఎలాగూ మంచి కూరే, ఆవపెట్టి వండుకుని హాయిగా తినండి. దాని మీదే ఆధారపడి కూర్చోకండి, అంతే.

ఇవి ఎంతవరకు పనిచేస్తాయి అని సూటిగా అడిగితే, నా అనుభవంలో గర్భసంచిలో గడ్డ లాంటి కారణం ఏదీ లేకుండా, అండం సరిగా విడుదల కాక వచ్చే రక్తస్రావంలో కొందరికి బాగా తగ్గుతుంది. శాస్త్రీయ పరీక్షలంటే, అశోకం మీద జరిగినవి చిన్న చిన్నవే. ఇరాన్‌లో శొంఠి పొడి మీద 2015లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. హైస్కూలు అమ్మాయిలకు 250 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకు మూడుసార్లు ఇస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే రక్తస్రావం బాగా తగ్గింది. మన ఇళ్ళలోనేమో శొంఠి వేడి, నెలసరిలో వద్దంటారు. వేడి, చలవ అనే మాటను ఎంతవరకు నమ్మాలో ఇలాంటప్పుడు ఆలోచించాలి. అలాగే నువ్వులుండలు, బొప్పాయి తిన్నందుకే మీకు ఇంత బ్లీడింగ్ అవుతోందని ఎవరైనా అంటే పట్టించుకోకండి, నువ్వుల్లో ఐరన్, కాల్షియం ఉన్నాయి.

మీ విషయంలో ఫైబ్రాయిడ్ ఉంది. ఏ కషాయం, ఏ చూర్ణం ఫైబ్రాయిడ్‌ను కరిగిస్తుందని రుజువు కాలేదు. "నలభై రోజుల్లో గడ్డ మాయం" అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళ దగ్గర, కవర్ మీద పేరు కూడా లేని పొట్లాలు అమ్మేవాళ్ళ దగ్గర డబ్బు పోసుకోకండి. అలాంటి పొడుల్లో సరిగా శుద్ధి చేయని లోహ భస్మాలు కలిసి సీసం లాంటి విషాలు ఒంట్లో చేరిన సందర్భాలు ఉన్నాయి. ఫైబ్రాయిడ్ ఎంత పెద్దది అన్నదాని కంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. గోడ మధ్యలోనో బయటి వైపో ఉన్నది తరచు ఊరికే ఉండిపోతుంది. లోపలి పొరలోకి పొడుచుకు వచ్చినది చిన్నదైనా బాగా రక్తం పోయేలా చేస్తుంది. అలాంటిదాన్ని పొట్ట కోయకుండా కింది నుంచే గొట్టం పంపి తీసేయొచ్చు. మీ రిపోర్టులో "గోడలో" అని మాత్రమే ఉంది, లోపలి పొరను నొక్కుతోందా లేదా అని మళ్ళీ అడిగి తెలుసుకోండి. మెనోపాజ్ వచ్చి నెలసరి పూర్తిగా ఆగిపోయాక ఇవి మామూలుగా వాటంతటవే చిన్నవవుతాయి.

కారణం ఫైబ్రాయిడ్ ఒక్కటే అని కూడా తేల్చేయకండి. థైరాయిడ్ తగ్గినా, కాపర్-టీ ఉన్నా, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా బ్లీడింగ్ పెరుగుతుంది. 40 దాటాక లోపలి పొర మందంగా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, క్యాన్సర్ కాదని, దానికి ముందు దశ కూడా కాదని నిర్ధారించుకోవడానికి. షుగర్, అధిక బరువు ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఆ రిజల్టు రాకుండా నేను కషాయం రాయను. ఎందుకంటే మూలిక వల్ల నాలుగు నెలలు రక్తం తగ్గి, లోపలున్న జబ్బు బయటపడటం ఆలస్యమైతే ఆ నష్టం పూడ్చలేం. నెలసరి ఆగిపోయి ఏడాది దాటిన పెద్దవాళ్ళకు ఒక్క చుక్క కనిపించినా అది మూలికల వ్యవహారం కానే కాదు, వెంటనే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. నెల తప్పాక వచ్చిన రక్తస్రావమైతే ముందు గర్భం పరీక్ష చేయాలి. ఈడొచ్చిన కొత్తలో అమ్మాయిలకు ఎక్కువగా పోతూ, పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో రక్తం, తరచు ముక్కు నుంచి రక్తం కూడా ఉంటే రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయించాలి.

ఇప్పుడు ఆపరేషన్ గురించి, ఇది నాకు నిజంగా మనసు కష్టం కలిగించే విషయం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అన్ని రాష్ట్రాల్లోకీ మనమే ముందు. ముప్పై అయిదేళ్ళకే ఆపరేషన్ అయిపోయి, నలభైకే ఎముకలు, కీళ్ళు, ఒళ్ళంతా వేడి ఆవిర్లని వచ్చేవాళ్ళను చూస్తూనే ఉన్నాను. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే గుండె జబ్బుల ముప్పు, ఎముకలు గుల్లబారే ముప్పు పెరుగుతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి మెనోపాజ్ ముందే వస్తుంది. పిల్లలు పుట్టేశారు కాబట్టి ఇక అవసరం లేదన్న మాట వైద్య కారణం కానే కాదు.

కషాయానికీ ఆపరేషన్‌కీ మధ్య చాలా దారి ఉంది, మీకు ఎవరూ చెప్పనిది అదే. నేను ఆయుర్వేదం చదివినదాన్నే, అయినా ఈ మందుల పేర్లు మీకు తెలియాలి. మెఫెనమిక్ యాసిడ్ నెలసరి రోజుల్లో వాడితే నొప్పీ తగ్గుతుంది, రక్తస్రావం కూడా మూడోవంతు దాకా తగ్గొచ్చు. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు పనికిరాదు. ట్రానెక్సామిక్ యాసిడ్ ఎక్కువగా పోయే నాలుగైదు రోజులే వేసుకోవాలి, రక్తస్రావం సగం దాకా తగ్గించగలదు. కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వద్దు. హార్మోన్ లూప్ అని గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం ఉంది, ఐదేళ్ళు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు అప్పుడప్పుడు మరకలు కనిపిస్తాయి, ఆ తర్వాత చాలామందికి రక్తస్రావం పదోవంతుకు పడిపోతుంది. ఫైబ్రాయిడ్ లోపలి పొరను వంకర చేయకుండా ఉంటే మీలాంటివాళ్ళకు ఇది చాలా మంచి మార్గం. ఇవేవీ మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు, గైనకాలజిస్టు చూసి రాయాలి. ఇవన్నీ ప్రయత్నించాక కూడా తగ్గకపోతే, గడ్డలు పెరుగుతుంటే, పరీక్షలో తేడా వస్తే అప్పుడు ఆపరేషన్ సరైన నిర్ణయమే, దానికి భయపడక్కర్లేదు. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి, ఆ డాక్టరు ఆపరేషన్ చేసే ఆసుపత్రికి సంబంధం లేనివారైతే మంచిది.

నేను మీ స్థానంలో ఉంటే ఈ వరుసలో వెళ్తాను. ఈ వారంలోనే ఐరన్ మొదలుపెట్టి, సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకుని, పొర గురించి గైనకాలజిస్టును అడుగుతాను. అన్నీ సరిగ్గా ఉన్నాయంటే, వచ్చే నెలసరికి డాక్టరు రాసిన మందు. అత్తగారి మాట కాదనలేకపోతే అశోకారిష్టం దాంతో పాటు తీసుకోవచ్చు, కాకపోతే ఇద్దరు డాక్టర్లకూ ఒకరి మందు గురించి ఇంకొకరికి చెప్పండి. మూడు నెలసరులు చూడండి. మార్కులు తగ్గకపోతే అరిష్టం ఆపేయండి, ఏడాది పాటు తాగుతూ కూర్చోవద్దు. గర్భం వచ్చే అవకాశం ఉంటే మాత్రం అశోకం అసలు ముట్టుకోకూడదు.

ఈ లోపల ఎప్పుడైనా గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు మూడు గంటలు నానిపోతుంటే, పది రూపాయల బిళ్ళ కంటే పెద్ద గడ్డలు ఆగకుండా పోతుంటే, కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా గరిక రసం నూరుకుంటూ ఇంట్లో ఉండకండి. మీ హిమోగ్లోబిన్ ఇప్పటికే తక్కువ కాబట్టి రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

రిపోర్టులు వచ్చాక లోపలి పొర మందం ఎన్ని మిల్లీమీటర్లో, ఫైబ్రాయిడ్ పొరను తాకుతోందో లేదో, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ అంకెలు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు రాయండి. వాటితో పాటు ఈ నెల మార్కుల మొత్తం కూడా రాస్తే, మీకు అరిష్టం సరిపోతుందా, చూర్ణమా, లేక మూలికలు పక్కన పెట్టడమే మంచిదా అన్నది చెప్పగలను.